బ్రాడీపేట నొటేషన్ క్లాసు: క్వయర్‌లో పాడేవాళ్లకి ఎనిమిది శనివారాల్లో ఏం వస్తుంది, ఏం రాదు

క్వయర్‌లో ఏళ్ల తరబడి పాడుతున్నా, చేతిలో షీటు పట్టుకుని గీతల కింద ఉన్న తెలుగు అక్షరాలే చదువుతూ, స్వరాన్ని పక్కవాళ్ల గొంతు విని అందుకునేవాళ్లు మన గుంటూరు, విజయవాడ చర్చిల్లో చాలామంది. రాగతాళాలతో కీర్తనలు, సొప్రానో, ఆల్టో, టెనర్, బేస్ అనే నాలుగు గొంతుల పార్టులతో హిమ్‌లు (పాశ్చాత్య ట్యూన్ల భక్తి పాటలు) రెండూ పాడే సంఘాలు మనవి. కీర్తన చెవితో వచ్చేస్తుంది. ఆల్టో, టెనర్ పార్టులు అలా రావు, ఎందుకంటే ఆ పార్టుకి విడిగా ఓ ట్యూన్ ఉన్నట్టే అనిపించదు. ఐదు గీతల మీద రాసిన స్వరాలు చదవడం నేర్పే ఈ గుంటూరు బ్రాడీపేట క్లాసు ఆ ఆల్టోలకీ, టెనర్లకీ, బేస్‌లకీ బాగా పనికొస్తుంది. పియానో గ్రేడ్ పరీక్షలు రాయాలనుకునేవాళ్లకి సరిపోదు, చేరేముందే ఆ సంగతి తెలుసుకోవడం మంచిది.

శనివారం సాయంత్రం 5 నుంచి 6:30 దాకా, మొత్తం ఎనిమిది వారాలు. ఫీజు 1,800 రూపాయలు, 36 పేజీల స్పైరల్ బైండింగ్ పుస్తకం అందులోనే. బ్యాచ్‌కి 14 మంది. గది రెండో అంతస్తులో ఉంది, లిఫ్టు లేదు, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లని పంపేముందు ఆలోచించండి. వీధిలో బండి పెట్టుకోవచ్చు గానీ కారుకి చోటు దొరకడం కష్టం.

బాగా నచ్చింది మొదలుపెట్టిన తీరు. గీతల పేర్లు గుర్తుండటానికి ఇంగ్లిష్ వాక్యాలు బట్టీ పట్టించడం ఇక్కడ లేదు. మాస్టారు బోర్డు మీద ఐదు గీతలు గీసి, ఒక గీత మీద చుక్క పెట్టి "ఇది స" అంటారు. గీత నుంచి పై ఖాళీకి వెళ్తే ఒక అడుగు, గీత నుంచి పై గీతకి వెళ్తే మధ్యలో ఒకటి దాటిన గెంతు. స గీత మీద ఉంటే గ, ప, ని కూడా గీతల మీదే పడతాయి, రి, మ, ద ఖాళీల్లో పడతాయి. పై స మాత్రం ఖాళీలోకి వెళ్తుంది. స ఖాళీలో ఉంటే అంతా తిరగబడుతుంది. ఈ ఒక్క విషయం పట్టుబడితే షీటు మీద ఏ స్వరం చూసినా స నుంచి ఎంత దూరమో కంటికి ఆనుతుంది. సరళీ స్వరాలు చిన్నప్పుడు ఎంతో కొంత పాడినవాళ్లు మొదటి గంటలోనే నాలుగైదు స్వరాల వరస చూసి పాడేస్తారు.

ఇక్కడ జాగ్రత్త పడాల్సిన చోటు ఒకటుంది, మాస్టారు దాన్ని వదలలేదు. కాగితం మీద అడుగులన్నీ ఒకేలా కనిపిస్తాయి, గొంతులో ఒకేలా ఉండవు. గ నుంచి మ, ని నుంచి పై స సగం అడుగులే. శంకరాభరణం పాడినవాళ్లకి అది చెవిలో ముందే ఉంటుంది, పాశ్చాత్య మేజర్ స్కేలు స్వరస్థానాలూ అవే. గమకం మాత్రం మానుకోవాలి. మనవాళ్లు గ మీద కొంచెం ఊపకుండా నిలబడలేరు. నాలుగు పార్టుల్లో గ ఊగితే కింద బేస్, పైన సొప్రానో ఎంత శ్రుతిలో ఉన్నా కార్డు, అంటే కలిసి మోగే స్వరాల గుంపు, కలుషితమైపోతుంది. అందుకని రెండో క్లాసు నుంచి ప్రతి స్వరాన్నీ నాలుగు లెక్కలు కదలకుండా నిలబెట్టడం సాధన చేయిస్తారు. కీర్తనలు బాగా పాడేవాళ్లకే ఇది ఎక్కువ కష్టం, ఓపిక పట్టాలి.

స ఎక్కడుందో ఎవరూ చెప్పకపోతే? మూడో క్లాసు అంతా దీని మీదే నడిచింది, మొత్తం కోర్సులో ఇదే ముఖ్యం. వరస మొదట్లో ఉండే క్లెఫ్ గుర్తు పక్కన షార్పులు (స్వరాన్ని సగం అడుగు పెంచే గుర్తులు) ఉంటే, కుడివైపు చివరి షార్పు ఎప్పుడూ ని. దాని పై అడుగు స. ఫ్లాట్లు (సగం అడుగు తగ్గించేవి) ఉంటే చివరి ఫ్లాట్ మ. అక్కడి నుంచి నాలుగు స్వరాలు కిందికి లెక్కపెడితే, మ, గ, రి, స, దొరికిపోతుంది. ఒక షార్పు ఉంటే అది ఎఫ్ షార్ప్, కాబట్టి స జి దగ్గర, మన లెక్కలో ఐదో శ్రుతి. రెండు షార్పులు ఉంటే చివరిది సి షార్ప్, స డి దగ్గర, రెండో శ్రుతి. ఒక ఫ్లాట్ ఉంటే స ఎఫ్, నాలుగో శ్రుతి. రెండు ఫ్లాట్లు ఉంటే స బి ఫ్లాట్, ఆరున్నర. ఏ గుర్తూ లేకపోతే స సి దగ్గరే, ఒకటో శ్రుతి. హార్మోనియం వాయించేవాళ్లు ఒకటిన్నర, నాలుగున్నర అని రోజూ అనే మాటలతోనే ఇది చెప్పడం వల్ల, కీ సిగ్నేచర్ (క్లెఫ్ పక్కనుండే ఈ గుర్తుల వరస) పేరు వింటేనే బెదిరేవాళ్లు కూడా ఆ సాయంత్రం ధైర్యంగా ఇంటికి వెళ్తారు.

మైనర్ పాటల గురించి మాత్రం పది నిమిషాలే చెప్పారు, అది చాలదు. కీ సిగ్నేచర్ అదే ఉంటుంది, ఆధారం మారుతుంది. మేజర్‌లో ద అయిన స్వరమే ఇక్కడ స అవుతుంది. ఒక షార్పు ఉండి, బేస్ పార్టు చివరి స్వరం జి కాకుండా ఇ మీద ఆగితే ఆ పాట ఇ మైనర్, మూడో శ్రుతి. స్వరాలు నటభైరవి రాగంలా నడుస్తాయి, మధ్యలో డి ముందు షార్పు కనిపిస్తే ఆ చోట కీరవాణి నిషాదం. గుడ్ ఫ్రైడే పాటలు చాలా మటుకు మైనర్‌లోనే ఉంటాయి, కాబట్టి దీనికి ఒక క్లాసు పూర్తిగా ఇవ్వాల్సింది. పాట మధ్యలో వచ్చే షార్పు, ఫ్లాట్, వాటిని రద్దు చేసే నేచురల్ ఆ బార్ (రెండు నిలువు గీతల మధ్య భాగం) చివరి నిలువు గీత దాకానే చెల్లుతాయని, అదీ ఆ ఒక్క స్థాయికేనని పుస్తకం 14వ పేజీలో ఉంది. క్లాసులో చెప్పకుండా దాటేశారు.

కీబోర్డు విషయం వేరే చెప్పాలి. మన చర్చిల్లో కీబోర్డు వాయించేవాళ్లు ట్రాన్స్‌పోజ్ బటన్ నొక్కి అన్ని పాటలూ సి స్కేల్ వేళ్లతోనే వాయించడం మామూలే. షీటు జిలో ఉంటే, కీబోర్డు మీద సి నొక్కితే జి మోగుతుంది. షీటు చదివే క్వయర్ కీబోర్డు చూస్తూ స్వరం అడిగితే గందరగోళం ఖాయం. క్లాసులో ట్రాన్స్‌పోజ్ సున్నా మీద ఉంచి, డిస్‌ప్లేలో ఆ సున్నా అందరికీ చూపించాకే మొదలుపెడతారు. సంఘంలో కూడా ప్రాక్టీసు ముందు ఇది చూసుకోవాలి.

నాలుగు, ఐదు వారాలు నాలుగు పార్టుల షీటు మీద. రెండు వరసల్లో అచ్చయిన హిమ్ షీటులో పై వరసలో సొప్రానో, ఆల్టో, కింది వరసలో టెనర్, బేస్ ఉంటాయి. చుక్కకి ఉండే కాడ పైకి ఉంటే పై గొంతు, కిందికి ఉంటే కింది గొంతు. ఒకే చుక్కకి పైకీ కిందికీ రెండు కాడలు ఉంటే ఇద్దరూ అదే స్వరం పాడాలి. ఆల్టోలు తప్పేది ఎక్కువగా ఇక్కడే: కాడ చూడకుండా కంటికి మొదట కనబడ్డ పై చుక్క పట్టుకుని సొప్రానోలోకి జారిపోతారు. దీనికి మాస్టారు చేయించే సాధన చాలా బాగుంది. ఎనిమిది బార్ల షీటు ఇచ్చి, ప్రతి బార్‌లో మొదటి స్వరం మాత్రమే పాడించి, మిగిలిన లెక్కలు మౌనంగా ఉంచుతారు. కన్ను తన వరసని వదలకుండా ముందుకి పరిగెత్తడం నేర్చుకుంటుంది. రెండోసారి మొదటిదీ మూడోదీ. మూడోసారి అన్నీ. ఇంట్లో రోజుకి పది నిమిషాలు ఇలా చేస్తే చాలు. మార్కర్‌తో వరస మొత్తం పసుపు పూయొద్దని, ప్రతి లైను మొదట్లో మాత్రం 2బి పెన్సిల్‌తో చిన్న బాణం పెట్టుకోమని చెప్పడం కూడా సరైన సలహా. పసుపు పూస్తే మిగతా పార్టులు కంటికి ఆనవు, ఎవరి తరవాత అందుకోవాలో తెలియదు.

టెనర్ల సంగతి దగ్గర క్లాసు తడబడింది. టెనర్‌ని రెండు రకాలుగా రాస్తారు. హిమ్ షీటులో బేస్ క్లెఫ్ మీద, కాడలు పైకి. నాలుగు పార్టులకీ విడి వరసలున్న షీటులో ట్రెబుల్ క్లెఫ్ మీద, క్లెఫ్ తోక కింద చిన్న 8 అంకెతో. ఆ 8 ఉంటే రాసినదానికంటే ఒక స్థాయి కింద పాడాలి. జిరాక్స్ మీద జిరాక్స్ తీసిన కాగితంలో ఆ 8 మాసిపోతుంది. అప్పుడు టెనర్ వాళ్లు కీబోర్డు మీద ఆ స్వరాన్ని వెతికి, అంత పైకి గొంతు అందక పార్టే తప్పనుకుంటారు. పుస్తకంలో మొదటి రకమే ఉంది. బేస్ క్లెఫ్‌కి కూడా ఇచ్చిన సమయం తక్కువ. రెండు చుక్కల మధ్య గీత ఎఫ్ అని, వరస పైన ఒక అదనపు గీత మీది స్వరం మధ్య సి అని చెప్పి వదిలేశారు. ట్రెబుల్ కింద ఒక అదనపు గీత మీద ఉండేదీ అదే సి అని, రెండు వరసలూ అక్కడ కలుస్తాయని బోర్డు మీద గీసి చూపిస్తే మగ గొంతులవాళ్లకి సగం భయం పోయేది. బ్యాచ్‌లో 14 మందిలో ఐదుగురు మగవాళ్లే ఉన్నప్పుడు ఇది చిన్న లోటు కాదు.

లయ పాఠం చాలా చక్కగా ఉంది. క్రోచెట్ ఒక లెక్క, మినిమ్ రెండు, సెమీబ్రీవ్ నాలుగు, క్వేవర్ అర. ఒక లెక్కలో రెండు క్వేవర్లకి "తక", నాలుగు సెమీక్వేవర్లకి "తకధిమి" అంటూ చప్పట్లు కొట్టిస్తారు. స్వరం పక్కన చుక్క పెడితే దాని విలువలో సగం కలుస్తుంది. డాటెడ్ క్రోచెట్, వెంట ఒక క్వేవర్, ఈ జత దగ్గర ప్రతి క్వయర్ తప్పుతుంది. దీన్ని విప్పి చెప్పిన తీరు ఇది: "ఒకటి–మరి–రెండు–మరి" అని నాలుగు ముక్కలుగా లెక్కపెట్టండి. మొదటి స్వరం "ఒకటి", "మరి", "రెండు" అనే మూడు ముక్కలూ నిండా ఉంటుంది. పొట్టి స్వరం రెండో "మరి" మీద పడుతుంది. మనవాళ్లు దాన్ని "రెండు" మీదే వేసేసి రెండు స్వరాలూ సమానం చేసేస్తారు, పాటకి ఉన్న నడక పోతుంది. "రెండు" అనేటప్పుడు అరచేతిని నొక్కి, ఆ మాట వినబడ్డాకే స్వరం మార్చమంటారు. పదిసార్లు చేశాక బ్యాచ్ అంతా ఒక్క గొంతులా పడింది.

6/8 తాళం దగ్గర మాత్రం మేం ఒప్పుకోలేం. ఆరు చప్పట్లు కొట్టించారు. నెమ్మదిగా నేర్చుకునేటప్పుడు ఫర్వాలేదు గానీ, ఆ అలవాటు ఉండిపోతే ఉయ్యాల ఊపున్న క్రిస్మస్ పాట మెట్లెక్కుతున్నట్టు వినిపిస్తుంది. అందులో ఉండేవి రెండే పెద్ద లెక్కలు, ఒక్కోదానిలో మూడు ముక్కలు: తకిట, తకిట. రెండు చప్పట్లే కొట్టాలి. తకధిమి చెప్పిన మాస్టారికి తకిట చెప్పడం ఎంతసేపు!

మౌనానికి కూడా గుర్తులుంటాయి, వాటిని మన క్వయర్లు పట్టించుకోవు, కీబోర్డు రిథమ్ మోగుతూనే ఉంటుంది కాబట్టి అచ్చును సాగదీసి మౌనాన్ని నింపేస్తాయి. గీతకి వేలాడే నల్ల ముక్క సెమీబ్రీవ్ రెస్ట్, గీత మీద కూర్చున్న ముక్క మినిమ్ రెస్ట్. పుస్తకం 19వ పేజీలో వేలాడేదానికి "4 లెక్కలు" అని మాత్రమే రాశారు. అది 4/4లో సరే. ఏ తాళమైనా బార్ మొత్తం మౌనమైతే అదే గుర్తు వాడతారు, 3/4లో అది మూడు లెక్కలే. ఆ పేజీ నమ్మి నాలుగు లెక్కపెడితే తరవాతి బార్‌లో ఒక లెక్క ఆలస్యంగా అందుకుంటారు. తరవాతి అచ్చులో సరిదిద్దాలి.

కర్ణాటక స్వరలిపి తెలిసినవాళ్లకి ఒక హెచ్చరిక. మన లిపిలో స్వరం పక్కన కామా పెడితే స్వరాన్ని ఒక అక్షరకాలం సాగదీయాలి. ఈ షీటులో గీతల పైన కామా ఉంటే ఊపిరి తీసుకోమని అర్థం. ఆగాల్సిన చోట సాగదీస్తారు, సరిగ్గా తిరగబడిన తప్పు. క్లాసులో దీన్ని ముందే చెప్పారు, అందుకు మాస్టారిని మెచ్చుకోవాలి. పాట నాలుగో లెక్క మీద ఎత్తుకునే షీట్ల గురించి కూడా చెప్పారు. మొదటి బార్‌లో ఒక్క లెక్కే ఉంటుంది, ఆ లోటు చివరి బార్‌లో మూడు లెక్కలతో తీరుతుంది. మొదటి మాట మీదే "ఒకటి" అని లెక్కపెడితే చరణం అంతా ఊనిక తప్పు చోట పడుతుంది. స్వరాలని కలిపే టై, స్లర్, స్వరాన్ని ఆపి నిలబెట్టే ఫెర్మాటా, మొదటికి వెళ్లమనే డి.సి., గుర్తు దగ్గరికి వెళ్లమనే డి.ఎస్., మెల్లగా, గట్టిగా పాడమనే పి, ఎఫ్ గుర్తులు ఆరో వారంలో ఒక్క గంటలో అయిపోయాయి. అవి ఎవరికైనా తొందరగానే వస్తాయి.

తెలుగు మాటల్ని స్వరాల కింద ఎలా పట్టుకోవాలో ఏడో క్లాసు. ఇలాంటి పాఠం వేరే చోట దొరకదు, 1,800 రూపాయల్లో సగం విలువ దీనిదే. "వందనము" అన్న మాట తీసుకోండి. షీటు మీద వం–ద–న–ము అని విడివిడిగా ఉంటుంది. "వం" పైన మినిమ్ పడితే రెండు లెక్కలు. అందరూ వెంటనే సున్నాలోకి వెళ్లి "వన్న్న్" అని ముక్కుతో మూలుగుతారు. "వ" మీదే నోరు తెరిచి రెండు లెక్కలూ నిలబడి, "ద" పడబోయే క్షణంలో సున్నా పలకాలి. "స్తోత్రము"లో ఒత్తు తరవాతి అక్షరానికే అంటిపెట్టుకుని ఉంటుంది, స్తో–త్ర–ము. రాసినట్టే పాడితే "స్తో" ఓకారం నిండుగా మోగుతుంది. మన లిపి ఇక్కడ గాయకులకి సాయం చేస్తుంది. పొట్టి అక్షరం మీద పొడుగు స్వరం పడినప్పుడు మాత్రం ఇబ్బంది: "దయ"లో "ద" పైన మినిమ్ ఉంటే "దాయ" అయిపోతుంది. నోరు ఇంకా తెరవకుండా, "ద" ధ్వని మారకుండా, శ్వాసతో మాత్రమే నిలబెట్టమని చేసి చూపించారు. అనువాద పాటల్లో ఇది అడుగడుగునా వస్తుంది.

క్లాసు వాళ్లు ఇచ్చే షీట్లు మ్యూజ్‌స్కోర్‌లో చేసినవి, అది ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్. తెలుగు మాటలు కూడా అందులోనే టైపు చేశారు గానీ, రెండు చరణాలు ఒకదాని కింద ఒకటి ఉన్నప్పుడు పై వరస ఒత్తులు కింది వరస గుడులకి తగిలి చదవడానికి వీలు కావడం లేదు. మాటల వరసల మధ్య దూరం కొంచెం పెంచితే సరిపోతుంది. తమ సంఘం పాటలు ఇలా చేసుకోవాలనుకునేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోండి. అను ఫాంట్లలో పాత డీటీపీ చేయించిన పాటల ఫైలు నుంచి కాపీ చేస్తే తెలుగు రాదు, అర్థంలేని ఇంగ్లిష్ అక్షరాలు వస్తాయి. యూనికోడ్‌లో మళ్లీ టైపు చేయాలి. స్వరాన్ని ఎంచుకుని కంట్రోల్, ఎల్ నొక్కితే మాట రాయొచ్చు, మాట అయిపోతే స్పేస్, మాట మధ్యలో అక్షరం విడగొట్టాలంటే హైఫన్. ఏ4 కాగితాన్ని సగానికి తగ్గించి జిరాక్స్ తీయొద్దు, చుక్కలు గీతల్లో కలిసిపోతాయి. పార్టుకి ఒక ఆడియో ఫైలు కూడా ఫోన్‌కి పంపుతారు. దాన్ని షీటు చదివి పాడాక, సరిచూసుకోవడానికి మాత్రమే వినాలి. ముందే వింటే మళ్లీ పాత అలవాటే, చెవితో పట్టేస్తారు.

ఎనిమిదో వారం కీబోర్డు పక్కన పెట్టేసి, 440 ట్యూనింగ్ ఫోర్కు ఒక్కటే ఇస్తారు. అది మోగించేది ‘ఏ’ స్వరం. డి స్కేలు పాటలో అది ప, జి స్కేల్లో రి, ఎఫ్ స్కేల్లో గ, సి స్కేల్లో ద. ఫోర్కు చెవి దగ్గర పెట్టుకుని ఆ స్వరాన్ని దాని పేరుతో పాడి, మెట్లు దిగి స చేరి, అక్కడి నుంచి నాలుగు పార్టులకీ మొదటి స్వరాలు ఇవ్వాలి. బ్యాచ్‌లో తొమ్మిది మంది ఇది సొంతంగా చేయగలిగారు. మిగిలిన ఐదుగురిలో నలుగురు టెనర్, బేస్ పాడేవాళ్లు.

క్రిస్మస్ ప్రాక్టీసు అక్టోబరు, నవంబరులో మొదలవుతుంది కాబట్టి ఆగస్టు బ్యాచ్‌లో చేరితే ఉపయోగం. ఒక్కరిని పంపితే వచ్చి మళ్లీ పక్కవాళ్ల గొంతులో కలిసిపోతారు. పార్టుకి ఇద్దరు చొప్పున పంపండి, టెనర్, బేస్ వాళ్లు మొదటి రోజే తమకి బేస్ క్లెఫ్ మీద అదనంగా ఒక గంట కావాలని అడగండి. 2బి పెన్సిల్, రబ్బరు వాళ్లివ్వరు, తీసుకెళ్లాలి.